ముసలమ్మను అడగని బుధవారం

అరబా బెంట్సిల్‌కి కోపం ముక్కు మీదే ఉంటుందని మోరీ రేవులో అందరూ అంటారు. ఎందుకుంటుందో మాత్రం ఎవరూ అడగరు. చేపల సంఘం వారి మంచుగడ్డల గోదాము వెనక ఒక చిన్న గది ఉంది. దానికి కిటికీ లేదు, గోడలు ఉప్పు కక్కుతుంటాయి. ఆ గదిలో కూర్చుని, ఊళ్లో మగవాళ్లంతా సముద్రం మీదికి పోయేముందు అడిగే ప్రశ్నకు వేళకు జవాబు అందేలా చూడటం ఆమె పని. జవాబు అందిన రోజున ఆమె ఎవరికీ గుర్తుండదు. అందని రోజున ఆమె పేరు రేవంతా మోగిపోతుంది. అలాంటి ఉద్యోగం చేసే మనిషికి శాంతం ఎక్కణ్ణుంచి వస్తుంది?

తెల్లవారకముందే ఒక్కో పడవ పెద్ద తాను వల వేయబోయే చోటు ఫోనులో కొట్టి పంపుతాడు. గదిలోని సర్వర్ ఆ పూట గాలినీ అలనూ లెక్కగట్టి, ఆ చోటికి తగిన జవాబు పంపుతుంది. జవాబంటే ఒక్క అంకె. ఒకటి వస్తే పోవచ్చు, రెండు వస్తే ఆగాలి, మూడు వస్తే పోకూడదు. చదువు రానివాళ్లకు కూడా అంకె తెలుస్తుందని అరబాయే అలా పెట్టింది. మూడు వచ్చిన రోజున రేవులో ఎవరూ నోరెత్తరు. వలలు మడిచి ఇంటికి పోతారు.

ఆ సర్వర్‌ని అక్కడ ఎవరూ సర్వర్ అనరు, ముసలమ్మ అంటారు. వాళ్ల పంచాయతీల్లో ఎటూ తేలని తగవు వస్తే పెద్దలు "ముసలమ్మను అడిగొస్తాం" అని లేచి పక్కకు పోతారు. పక్కన ముసలమ్మ ఎవరూ ఉండదు. వాళ్లలో వాళ్లే గుసగుసలాడుకుని వస్తారు. అయినా ఆమెను అడగకుండా మాత్రం తీర్పు చెప్పరు. గదిలోకి సర్వర్ వచ్చిన మొదటి రోజే దానికి ఆ పేరు పెట్టినవాడు అరబా మేనమామ, ఎకో ఇన్‌కూమ్.

"ఇంత రొద చేస్తోందేంటే ఇది? మా అమ్మమ్మ ఇలాగే గురక పెట్టేది."

"ఫ్యాన్లు వోఫా. లోపల వేడి పుడుతుంది."

"వేడి ఉన్న ముసలిదే మంచిదిలే. అడిగినదానికి సూటిగా చెబుతుంది, నీలాగా."

వోఫా అంటే మేనమామ. అక్కడ తండ్రి ఇంటిపేరు ఇస్తాడు, మనిషిని నిలబెట్టేది మాత్రం మేనమామే. అరబాను కేప్‌కోస్ట్ పంపి కంప్యూటర్ చదువు చదివించింది ఎకోనే. చదువయ్యాక రాజధాని అక్రాలో ఉద్యోగం వదులుకుని రేవుకు తిరిగొస్తానన్నప్పుడు ఆయన ఒంటికాలి మీద లేచాడు, చాలా రోజులు మాట్లాడలేదు కూడా. తరవాత ఏమనుకున్నాడో ఏమో, రోజూ అందరికంటే ముందు ప్రశ్న పంపేవాడు ఆయనే అయ్యాడు. జవాబు వచ్చాక ఫోను తీసి భార్య మామే బోట్వే చేతిలో పెట్టి, అప్పుడు పడవను తోసేవాడు. ఫోను తడవడం ఆయనకు ఇష్టముండదు.

మామే అంటే అమ్మ. ఈ మామే బోట్వే చేపలు పొగబెట్టే ఆడవాళ్లందరికీ పెద్ద. అరబాకు చిప్‌ల సంగతి కాలేజీ నేర్పింది, వాటిని కొలిచే మాట మాత్రం ఈ అత్త ఇచ్చింది. సర్వర్ కొనడానికి అక్రా పోయే ముందు అరబా ఆమెకు చెప్పి చూసింది. చిప్‌లకు తరాలుంటాయి, ఒక్కో తరం వెనకటి తరంకంటే చురుగ్గా ఉంటుంది, ఒక్కో చిప్‌లో లెక్కలు చేసే కోర్లు కొన్ని ఉంటాయి అని. మామే బోట్వే పొయ్యిలో కట్టెలు సర్దుతూనే వింది.

"అంటే పొయ్యిలన్న మాట. కొత్త పొయ్యి ఒక్కటుంది, గంపెడు చేపను చిటికెలో పొగబెడుతుంది. పాత పొయ్యిలు బోలెడున్నాయి, మెల్లిగా కాలతాయి. అంతేనా?"

"అంతే మామే."

"గంపెడు చేప వచ్చిన రోజు కొత్తదే గెలుస్తుందే. ఆగస్టులో పడవలన్నీ ఒక్కసారి ఒడ్డుకొచ్చిన రోజు ఏం చేస్తావు?"

అంతకుముందు గదిలో ఉన్న చిన్న కంప్యూటర్ సరిగ్గా అలాంటి ఒక ఆగస్టు ఉదయానే చేతులెత్తేసింది. ఆ ఉదయం రేవు నుంచి వచ్చిన ప్రశ్నలన్నింటినీ, వచ్చిన వరసలో, వచ్చిన వేగంతో అరబా దాచిపెట్టుకుంది. దాన్ని వెంటబెట్టుకుని అక్రా పాత సామాను దుకాణాలన్నీ తిరిగింది. విదేశాల కంపెనీలు వాడి తీసేసిన సర్వర్లన్నీ అక్కడే దిగుతాయి.

"మేడమ్, మీరు పట్టుకున్నది ముసలిది. ఇది చూడండి, దానికంటే రెండు తరాలు కొత్తది."

"ఎన్ని పొయ్యిలు?"

"పొయ్యిలేంటి మేడమ్?"

"కోర్లయ్యా, కోర్లు."

"నాలుగే అనుకోండి. కానీ ఒక్కొక్కటి మెరుపు!"

"మెరుపు సంగతి తరవాత. నా ఆగస్టును అడుగుతాను, ఉండు."

ఆ దుకాణంలో నిలబడి ఆమె ఒక్కో సర్వర్ చేత ఆ ఆగస్టు ఉదయాన్ని మళ్లీ బతికించింది. నాలుగు కోర్ల కొత్త తరం మొదటి ప్రశ్నలకు రెప్పపాటులో జవాబిచ్చి, రద్దీ పెరిగేసరికి నోరు తెరిచేసింది. రెండు చిప్‌ల మీద ఇరవై నాలుగు కోర్లున్న పాతది ఏ ఒక్క ప్రశ్నకూ తొందరపడలేదు, ఏ ఒక్కదాన్నీ వెనక్కి నెట్టలేదు. అదే ముసలమ్మ అయింది. కొత్త తరాలంటే అరబాకు చిన్నచూపు ఏమీ లేదు. అవి కరెంటు తక్కువ తాగుతాయి, గోల చేయవు, అన్ని కోర్లతో వచ్చిన కొత్త తరం చిప్ దొరికితే ఆమె కళ్లకద్దుకుని తెచ్చేది. తరం ఒక్కటే చెప్పి కోర్ల మాట దాచేవాళ్లను చూస్తేనే ఆమెకు ఒళ్లు మండుతుంది. ఆ మంట న్యాయమైనదే.

అలాంటివాడే ఒకడు ఆ ఏడాది ఆగస్టులో మోరీకి వచ్చాడు. జూలై అంతా ప్రభుత్వం వేటకు మూత పెడుతుంది. మూత తీశాక ఏడాది తిండి సంపాదించుకునే నెల ఆగస్టు. ఆ నెలలో ఒక సోమవారం నాడు, అక్రాలోని నీలితీరం అనే సేవాసంస్థ తరఫున ఇంజనీరు ఓదార్టే లామ్‌టే పికప్ బండిలో కొత్త సర్వర్ వేసుకుని దిగాడు. పేరులో ఓదార్పు వినిపిస్తుంది గాని ఆ మనిషి వల్ల ఆ ఊరికి దక్కింది వేరు. ఆయన రేవు పెద్ద నానా ఎస్సాండో ఇంటికి పోయి, మీకు కొత్త సర్వర్ కానుకగా ఇస్తున్నాం, పాతది తుక్కు కింద మేమే తీసుకుపోతాం అన్నాడు. పెద్దరికం ఉన్నవాళ్లను అక్కడ నానా అంటారు. నానా ఎస్సాండో అరబాను పిలిపించాడు.

"రెండూ పక్కపక్కన పెట్టి ఊరందరి ముందూ పోటీ పెడతారట. రేపు మంగళవారం. అందరూ ఒడ్డునే ఉంటారు."

"మంగళవారం వద్దు నానా. ఎల్లుండి పెట్టండి. పడవలు పోయే రోజున చూడాలి."

"పడవలు పోయే రోజున చూడ్డానికి ఎవడుంటాడే ఒడ్డున?"

"అది కాదు నానా..."

"నువ్వు పుట్టింది మంగళవారం. నీ పేరే మంగళవారం పేరు. ఆ రోజునే కాదంటున్నావా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అరబా అంటే వాళ్ల భాషలో మంగళవారం పుట్టిన ఆడపిల్ల. ఆ తీరంలో మంగళవారం సముద్రం విశ్రాంతి తీసుకునే రోజు, ఒక్క పడవా నీళ్లలో దిగదు. మోరీ పెద్దలు ఇంకాస్త ముందుకు పోయి, ఆ రోజున సముద్రం గురించి ఏమీ అడగకూడదని కూడా కట్టుబాటు పెట్టుకున్నారు. అడిగితే దాని నిద్ర చెడుతుందట. అందుకని మంగళవారం నాడు ముసలమ్మ ఊరికే గురక పెడుతుంది. ప్రశ్నలే ఉండవు.

ఓదార్టే పక్కనే కూర్చుని చిరునవ్వు నవ్వుతున్నాడు. అరబా తిరిగి చూసింది.

"సార్, మీది అక్రాలో ఏ పేట?"

"చోర్‌కోర్."

"అదీ సముద్రపు పేటే. మంగళవారం మీక్కూడా వేట లేదు కదా?"

"లేదమ్మా. మా తాత కూడా పడవ మనిషే."

"మరి పోటీకి ఆ రోజే దొరికిందా?"

"పెద్దలు పెట్టిన ముహూర్తం. నేను కాదనగలనా?" అన్నాడు చేతులు జోడిస్తూ. ఆ మర్యాద చూసి నానాకు కడుపు నిండింది. సర్వర్‌ని ముందుగా చూపించమని అరబా అడిగితే, పెట్టె విప్పేది ఊరి ముందే అని తాళం జేబులో వేసుకున్నాడు. కోర్లెన్ని అంటే రేపు చెబుతానన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం గోదాము ముందు పందిరి వేశారు. వలలు బాగుచేసుకునేవాళ్లంతా సూదులు పక్కన పెట్టి వచ్చారు. ఓదార్టే మైకు పట్టుకున్నాడు.

"మీ పాతది అయిదో తరం. నేను తెచ్చింది తొమ్మిదో తరం!"

నానా మాటను ఊరికి అందించే దుబాసీ చేతికర్ర ఎత్తి, "మన ముసలమ్మకు మునిమనవడి కొడుకు వచ్చాడు!" అన్నాడు. అంతే. ఈలలు, చప్పట్లు.

"నా వంశంలో నాకే అన్ని తరాలు తెలియవు," అన్నాడు నానా ఎస్సాండో, తల ఊపుతూ.

ఎకో ఇన్‌కూమ్ వెనక నుంచి గట్టిగా అన్నాడు. "కుర్రాడు బాగానే ఉన్నాడయ్యా, వాడికి చేతులెన్ని?"

నవ్వులు లేచాయి. అరబా ఆ సందు దొరకబుచ్చుకుంది. "నాలుగు వోఫా! పెట్టె విప్పగానే చిప్ చూశాను. రెండోది పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. ముసలమ్మకు ఇరవై నాలుగు. నానా, నా దగ్గర ఆగస్టు ఉదయం ఉంది. రెండింటినీ అది అడుగుదాం."

ఓదార్టే మైకు దించలేదు. "పాత ప్రశ్నలు అడగడానికి కొత్త సర్వర్ ఎందుకమ్మా? అయినా అన్ని వందల సార్లు సముద్రం ఊసు ఎత్తడం, ఇవాళ..." అని నానా వైపు చూసి ఊరుకున్నాడు.

తక్కినది నానాయే పూర్తి చేశాడు. "ఇవాళ కాదు. ఒక్క ప్రశ్నకే సముద్రాన్ని క్షమాపణ అడిగాను. ఒక్కటే."

నేల మీద జిన్ను సారా పోసి, క్షమించమని సముద్రాన్ని వేడుకుని, నానా ఒక్క ప్రశ్న అడిగాడు. తొమ్మిదో తరం ఆయన వేలు తీసేలోపు జవాబిచ్చింది. ముసలమ్మ గురక పెంచి, ఒక గుక్క ఆగి, అదే జవాబు చెప్పింది. రేవు రేవంతా లేచి నిలబడింది. అరబాకు తల కొట్టేసినట్టయింది. అక్కడ జరిగినదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఒక్క ప్రశ్నకు కొత్తదే వేగం. ఆ నిజాన్నే అడ్డం పెట్టుకుని ఊరి కళ్లు కప్పాడు వాడు, ఆ ఊరి కట్టుబాటుతోనే. తన తాత పాటించిన కట్టుబాటుతో.

పందిరి తీసేలోపే ముసలమ్మను పికప్‌లోకి ఎక్కించేశారు. సాయంత్రం అరబా గది తలుపు వేసుకుని, కట్టుబాటు పక్కన పెట్టి, కొత్త సర్వర్‌ని ఆ ఆగస్టు ఉదయం అడిగింది. అది మొదట్లో ఉరికింది, తరవాత రొప్పింది, తరవాత జవాబులు క్యూలో నిలిచిపోయాయి. ఆమె నానా ఇంటికి పరుగెత్తింది.

"నానా, రేపు పొద్దున వేళకు జవాబులు రావు. పాతది తిరిగి ఇప్పించండి."

"రేపు పొద్దున అందరం పోయి కానుకకు మళ్లీ కృతజ్ఞత చెప్పాలి. అది అయ్యాక అడుగుదాం."

"అప్పటికి పడవలు పోతాయి కదా!"

"కృతజ్ఞత చెప్పకముందు వంక పెట్టమంటావా? ఎవరింటి పద్ధతే అది?"

కానుక తీసుకున్న మర్నాడు పొద్దున్నే పోయి ఇచ్చినవాళ్లకు మళ్లీ దండం పెట్టడం అక్కడి మర్యాద. ఆ మర్యాద మంచిదే. కానీ ఒక మనిషి ప్రాణం కంటే ముందు వరసలో దాన్ని నిలబెట్టిన పెద్దరికాన్ని ఏమనాలి? అరబా ఆ రాత్రి ఫోనులో పడవ పెద్దలందరికీ ఒకటే చెప్పింది. జవాబు రాకుండా దిగొద్దు అని. సరేనన్నారు. మధ్యాహ్నం చప్పట్లు కొట్టిన చేతులు కదా, ఎంతమంది చెవిన వేసుకున్నారో తెలియదు.

బుధవారం తెల్లవారకముందు ప్రశ్నలు పడ్డాయి. ముందు రోజు వేట లేదు, చేప గుంపులు దగ్గరికొచ్చాయని కబురు. పడవలన్నీ ఒక్కసారి అడిగాయి. నాలుగు కోర్లు ఒక పక్క అలల లెక్క వేయాలి, ఒక పక్క జవాబులు పంపాలి. అలల లెక్క సగంలోనే ఉంది. అరబా సర్వర్ మీద నడిచే మిగతా పనులన్నీ ఆపేసింది, చేయగలిగిందంతా చేసింది. ఫోను మోగింది.

"ఏమే, నీ మునిమనవడి కొడుకు ఇంకా పక్క దిగలేదా?"

"వోఫా, ఆగు. జవాబు రాకుండా పోకు."

"ఆగే ఉన్నానే. మోకాలి లోతు నీళ్లలో తాడు పట్టుకుని నిలబడ్డాను. పక్క పడవలు పోయాయి. కుర్రాళ్లు నన్ను తినేస్తున్నారు, చేపంతా వాళ్లకే అంటున్నారు."

"ఇంకాసేపు వోఫా."

"సరే, ఇంకాసేపు. నీ మాట ఎప్పుడు కాదన్నాను?"

ఆగాడు. బాగా వెలుగొచ్చేదాకా ఆగాడు. అప్పటికి ఆయన పడవ ఒక్కటే ఒడ్డున మిగిలింది, పడవలోని కుర్రాళ్లు ఒకరొకరే తెడ్లు కింద పడేయడం మొదలుపెట్టారు. చివరికి ఫోను తీసి మామే బోట్వే చేతిలో పెట్టి, "మూడు వస్తే గట్టిగా కేక పెట్టు," అని నవ్వి, పడవ తోశాడు.

ఆ సంగతి గదిలో ఉన్న అరబాకు తెలియదు. కృతజ్ఞత చెప్పడానికి బయల్దేరాలని నానా మనిషిని పంపాడు. ఆమె మొదట రానంది. ముసలమ్మను వెనక్కి తెచ్చుకునే దారి అదొక్కటే అనిపించి, మంచుగోదాము బండినీ ఇద్దరు బలమైన మనుషులనూ తీసుకుని, ఆ వెంటనే తానూ ఓదార్టే దిగిన అతిథిగృహానికి పోయింది.

వరండాలో పెద్దలంతా వరసగా కూర్చున్నారు. ఆడవాళ్ల తరఫున మామే బోట్వే వచ్చింది, నడుముకు చుట్టుకున్న బట్టలో ఎకో ఫోను ముడేసుకుని. ఓదార్టే ఉతికిన చొక్కా వేసుకుని ఎదురుగా కూర్చున్నాడు. దుబాసీ కర్ర పట్టుకుని, "నిన్న మీరు మాకు చేసిన మేలుకు..." అని మొదలుపెట్టాడు.

అరబాకు ఒక చప్పుడు వినిపించింది. తలుపు వేసి ఉన్న గదిలోంచి, మెల్లిగా మొదలై, ఎత్తుకుని, నిలకడగా. ఎకో అమ్మమ్మ గురక.

ఆమె లేచి పోయి తలుపు తోసింది. మంచం పక్కన ముసలమ్మ. వైర్లన్నీ పెట్టి ఉన్నాయి. ఎదురుగా ల్యాప్‌టాప్ తెర మీద ఇరవై నాలుగు గడులూ నిండుగా మండుతున్నాయి. ఆ పొద్దున రేవులో మగవాళ్లంతా జవాబు కోసం నిలబడిన వేళకు ముసలమ్మ ఇక్కడ ఎవడి కోసమో పరీక్ష లెక్కలు చేస్తోంది.

"తుక్కన్నావు కదా! తుక్కును కరెంటులో పెట్టి ఏం చూస్తున్నావు?"

ఓదార్టే వెనకే వచ్చాడు. "గట్టిగా అరవకమ్మా. మా అక్రా ఆఫీసులో పనికొస్తుందేమో చూస్తున్నాను. అక్కడ లెక్కలు చాలా ఎక్కువ."

"మా దగ్గర తక్కువా?"

"మీది చిన్న రేవు కదా. మీకు అది చాలు."

అప్పుడు వరండాలో ఫోను మోగింది. మామే బోట్వే నడుము దగ్గర ముడి విప్పి, ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. చూసి, అరబా వైపు తిప్పింది. తెర మీద మూడు.

దుబాసీ ఇంకా మేలు అనే మాట దగ్గరే ఉన్నాడు. మామే బోట్వే లేచి నిలబడి, సముద్రం కనపడని ఆ వరండాలో, గొంతు చించుకుని కేక పెట్టింది. పెట్టమన్నాడు కనక పెట్టింది.

దక్షిణం నుంచి వచ్చిన పెద్ద అల మధ్యాహ్నానికి రేవు నోట్లో విరిగింది. తొందరగా పోయినవాళ్లు తొందరగానే వల నింపుకుని ముందే తిరిగొచ్చారు. ఆలస్యంగా పోయినవాడు ఆలస్యంగా తిరిగొస్తూ దానికి ఎదురుపడ్డాడు. పడవ బోర్లా పడింది. కుర్రాళ్లు పెట్రోలు డబ్బాలు పట్టుకుని ఈదుకుంటూ వచ్చారు. ఎకో ఇన్‌కూమ్ మర్నాడు పక్క ఊరి ఇసుక మీదికి కొట్టుకొచ్చాడు. ఆగమని చెప్పింది తానేనన్న మాట అరబాను తిన్నట్టు ఏ పురుగూ ఏ చెక్కనూ తినలేదు. ఆమె తప్పు కాదని ఊరంతా చెప్పింది. ఎవరి తప్పో మాత్రం చెప్పడానికి ఊరికి నోరు రాలేదు. చెబితే పందిరి కింద చప్పట్లు కొట్టింది ఎవరని అడగాల్సి వస్తుంది మరి.

ముసలమ్మను ఆ బుధవారమే బండిలో వేసి తెచ్చేశారు. ఆపడానికి ఓదార్టేకు ధైర్యం చాలలేదు, నానా అడ్డు చెప్పలేదు.

వారం తిరిగిన రోజున సంతాపపు ఎర్రబట్టలు, నల్లబట్టలు కట్టుకుని జనం ఎకో ఇంటి ముందు కూర్చున్నారు. ఓదార్టే వచ్చాడు. మర్యాదస్తుడు కదా, జిన్ను సీసా తెచ్చాడు. మామే బోట్వే దాన్ని అందుకోలేదు. నానా ఎస్సాండో తల వంచుకుని కూర్చున్నాడు. ఓదార్టే అరబా దగ్గరికి వచ్చాడు.

"నేను అబద్ధం ఏమీ చెప్పలేదు అరబా. తరం కొత్తదే. నువ్వే చూశావు, వేగంలో అదే గెలిచింది."

"అవును. నువ్వు ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. అందుకే నీ మొహం చూస్తుంటే నాకు కడుపు రగిలిపోతోంది."

"నన్నేం చేయమంటావు?"

"గదికి రా."

అతను వెనకే వచ్చాడు. ఉప్పు పూసిన గోడల మధ్య ముసలమ్మ, తొమ్మిదో తరం పక్కపక్కన ఉన్నాయి. పాత ఆగస్టు ఉదయాన్ని అరబా తీసేసింది. ఇప్పుడు ఆమె దగ్గర ఉన్నది ఆ బుధవారం ఉదయం. ఎవరు ఎప్పుడు అడిగారో ఆ వరసలోనే ఉంది. అందరికంటే ముందు వచ్చిన ప్రశ్న ఎకో ఇన్‌కూమ్‌ది. ఆయన వల వేయాలనుకున్నది అన్నింటికంటే దూరపు చోటు, అలల లెక్క పూర్తిగా తేలేదాకా దానికి జవాబు పుట్టదు.

ముందు ముసలమ్మను అడిగింది. గురక లేచింది. ఓదార్టే చొక్కా చేతులు మడుచుకునేలోపు ఆ ప్రశ్నకు జవాబు వచ్చింది. మూడు. ఆ జవాబు ఆ రోజు అంత తొందరగా వచ్చి ఉంటే పడవ తాడు ఇంకా గుంజకే ఉండేది.

తరవాత అరబా రెండోదాన్ని అడిగి, కుర్చీ లాగి అతని ముందు పెట్టింది. తాను కూర్చోలేదు. తెర మీద క్యూ పెరుగుతోంది. జవాబు లేదు. బయట ఏడుపు వినిపిస్తోంది, ఆగుతోంది, మళ్లీ వినిపిస్తోంది. ఓదార్టే గడియారం చూసుకున్నాడు, తలుపు చూశాడు, చెమట తుడుచుకున్నాడు.

"అర్థమైంది అరబా. ఇంక చాలు, నేను పోతాను," అంటూ కుర్చీలోంచి లేవబోయాడు.

"కూర్చో," అంది అరబా. "మా వోఫా నిలబడి ఎదురుచూశాడు."